2898లోనూ పుట్టుకే ప్రమాణమా?

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ని ఇప్పటికే చాలామంది చూశారు, చూడనివారు దాని గురించి విన్నారు. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించిన ఈ చిత్రానికి సుమారు 600 కోట్ల రూపాయలు వ్యయమైందని వార్తలు. ఇది ఒక్క సినిమాతో ముగిసేది కాదు, ఒక చిత్రమాలికకు తొలి భాగం. నేను సినిమా విమర్శకురాలిని కాను. ఏడాదికి రెండో మూడో సినిమాలు చూసే సాధారణ ప్రేక్షకురాలిని. కాబట్టి దాని దృశ్యవైభవం గురించీ, నిడివి గురించీ, మాట్లాడే కారు బుజ్జి గురించీ చెప్పవలసింది ఆ పని తెలిసినవారికే వదిలేస్తాను. థియేటరు నుంచి బయటికి వచ్చాక నన్ను వదలని ప్రశ్న ఒకటే. 874 ఏళ్ల తర్వాతి లోకాన్ని కళ్లకు కట్టడానికి పూనుకొన్న తెలుగు ఊహ, మనిషి విలువను తేల్చే చోట మాత్రం పుట్టుకను ఎందుకు దాటలేకపోయింది?

ఆ సినిమాలో కులం అనే మాటే లేదు కదా, ఈ చర్చ దేనికి అని కొందరు విద్యార్థులు అడిగారు. నిజమే. అందులో ఉన్నది నీరు ఎండిపోయిన కాశీ, భూమ్మీద మిగిలిన చివరి నగరం. దాని నెత్తిన తలకిందులైన పిరమిడ్‌లా వేలాడే ‘కాంప్లెక్స్’. కింద దుమ్మూ ఆకలీ, పైన పచ్చదనమూ నీళ్లూ. పైకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు చెల్లించాలి. ప్రభాస్ పోషించిన భైరవ ఆ యూనిట్ల కోసం మనుషుల్ని పట్టి అప్పగించే కిరాయి వేటగాడు. కాంప్లెక్స్‌ను ఏలే సుప్రీమ్ యాస్కిన్ (కమల్ హాసన్) తన ఆయువు కోసం గర్భవతుల కడుపుల్లోంచి సారాన్ని తోడిస్తుంటాడు. అందుకోసం బందీలైన స్త్రీలకు పేర్లుండవు, అంకెలుంటాయి. దీపికా పదుకొణె ధరించిన పాత్ర అక్కడ ‘సమ్-80’. తప్పించుకొని బయటపడ్డాకనే ఆమె సుమతి అవుతుంది. స్త్రీ దేహాన్ని గని తవ్వినట్టు తవ్వుకొనే ఆ ప్రయోగశాల చిత్రణలో దర్శకుడి చూపు గట్టిది. ఈ సినిమాలో నేను మనసారా మెచ్చుకొన్నది అదే.

అయితే ఆ కాంప్లెక్స్ ద్వారాన్ని కాస్త ఆగి చూడాలి. దానికి ఒక ధర ఉంది. ధర ఎంత అన్యాయమైనదైనా, కూడబెట్టగలిగితే తలుపు తెరుచుకుంటుంది. కనీసం తెరుచుకుంటుందన్న ఆశతో భైరవ బతుకు గడుస్తుంది. మన సమాజంలో కొన్ని తలుపులకు ధరే లేదు. లక్షలు జీతం తెచ్చుకొనే యువకుడు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కొన్నప్పుడు ఇంటి యజమాని అడిగే రెండో ప్రశ్న ఏమిటో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. పైనొకటీ కిందొకటీ అని రెండే అంతస్తులు కావు. ప్రతి మెట్టు మీదివాడికీ తన కిందొక మెట్టు చూపించి ఊరడించే ఏర్పాటు అది. ఆ లెక్కన సినిమాలో చూపిన భీకర భవిష్యత్తు మన వర్తమానం కంటే సరళమైనది. నరకాన్ని ఊహించబోయి, ఉన్నదానికన్నా కొంచెం మెరుగైన లోకాన్ని ఊహించారు.

ఇక శీర్షికలోని సంవత్సరం. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని సంప్రదాయ గణన. దానికి 2898 కలిపితే సరిగ్గా 6000. అంటే కురుక్షేత్రం ముగిసిన ఆరువేల ఏళ్లకు కల్కి వస్తున్నాడని సినిమా లెక్క. పురాణాల లెక్క ఇది కాదు. వాటి ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు. ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరువేల పైచిలుకు మిగిలి ఉన్నాయి. ఈ సంఖ్య ఎలా పెరిగిందో అంబేడ్కర్ ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’లో విప్పి చూపారు. ఆయన మరణానంతరం 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించినప్పుడు పెద్ద వివాదం రేపిన గ్రంథమది. సంధ్యాకాలాలతో కలిపి 1200 ఏళ్లకే ముగిసిపోవలసిన కలిని, అవి మానవ సంవత్సరాలు కావు దేవ సంవత్సరాలని చెప్పి 360తో హెచ్చవేశారు. అయిపోవలసిన యుగం అయిపోకుండా నిలిచింది. సినిమా ఈ లెక్కను నిస్సంకోచంగా తోసిరాజనడం నాకు సంతోషమే కలిగించింది. కథ కోసం నాలుగు లక్షల ఏళ్లను కోసిపారేయగల స్వేచ్ఛ దర్శకుడికి ఉంది, తీసుకొన్నాడు. అదే స్వేచ్ఛ మిగతా చోట్ల ఎందుకు తీసుకోలేదన్నదే నా పేచీ.

కలియుగం చెడ్డదని మనందరికీ చిన్నప్పుడే నేర్పారు. ఎందుకు చెడ్డదో మూలంలో చదివినవారు తక్కువ. అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు యుగాంతం ఎలా ఉంటుందో చెబుతాడు. కరువులూ అబద్ధాలూ క్రూరత్వమూ ఆ జాబితాలో ఉన్నాయి. వాటి నడుమనే, అదే స్వరంతో, శూద్రులు ద్విజులకు సేవ చేయరనీ, జనం దేవతలను విడిచి ఏడూకాలను పూజిస్తారనీ ఉంది. ఏడూకాలంటే అస్థికల మీద కట్టిన కట్టడాలు; బౌద్ధ స్తూపాలని పండితుల అభిప్రాయం. అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు ఉన్న గడ్డ మీద పుట్టిన మనకు ఇందులో ప్రళయ లక్షణం ఏముందో అర్థం కాదు. ఆ తర్వాత శంభల గ్రామంలో విష్ణుయశుడనే పేరుతో బ్రాహ్మణుడై కల్కి పుడతాడు, మ్లేచ్ఛులను అంతం చేస్తాడు, అశ్వమేధం చేసి భూమిని ద్విజులకు దానమిస్తాడు. కల్కి పురాణమైతే అతణ్ని కీకట దేశానికి పంపి బౌద్ధులతో యుద్ధమే చేయిస్తుంది. సుమతి అనే తల్లి పేరు కూడా ఆ పురాణంలోదే.

చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ ఈ కలియుగ వర్ణనలను జోస్యాలుగా చదవలేదు. క్రీస్తుశకం మూడు నాలుగు శతాబ్దాల్లో వైశ్యులూ శూద్రులూ తమకు విధించిన పనులు చేయడానికీ పన్నులు కట్టడానికీ నిరాకరించిన ఒక సామాజిక సంక్షోభానికి అవి సాక్ష్యాలని ఆయన వాదించారు. అంటే కలియుగమనేది ఎవరో తలెత్తినప్పుడు మరెవరో పెట్టిన కేక. శూద్రుడు చదివాడు, కలి. శూద్రుడు రాజయ్యాడు, కలి. స్త్రీ తన మాట తాను చెప్పింది, అదీ కలే. ఆ లెక్కన 1950 జనవరి 26 కలి పరాకాష్ఠ కావాలి. సినిమా ఈ కేకలోని కులాన్ని తీసివేసి దాని స్థానంలో పర్యావరణ నాశనాన్నీ నియంతృత్వాన్నీ పెట్టింది. చెడును మార్చింది, మంచిదే. కాని ఆ చెడుకు మందుగా అదే అవతారాన్ని, అదే శంభలను ఉంచింది.

కాశీని ఎంచుకొన్నప్పుడు ఇంకో దారి కూడా ఉండేది. శివుడూ గంగా ఉన్నట్టే కాశీలో కబీరూ రవిదాసూ ఉన్నారు. ఒకరు మగ్గం నేసినవారు, ఒకరు చెప్పులు కుట్టినవారు. కాశీలో చస్తే మోక్షం అన్న మాటను ధిక్కరించి చివరి రోజుల్లో మగహర్‌కు వెళ్లిపోయినవాడు కబీరు. రవిదాసు ఇంకో పని చేశాడు, ఒక నగరాన్ని ఊహించాడు. దాని పేరు బేగంపురా, దుఃఖం లేని ఊరు. అక్కడ పన్ను లేదు, భయం లేదు, రెండో తరగతి మూడో తరగతి మనిషి లేడు, ఎవరైనా ఎక్కడైనా నడవవచ్చు. ఆ గీతం సిక్కుల పవిత్ర గ్రంథంలో చోటు సంపాదించింది. 2008లో గెయిల్ ఆంవెట్ కుల వ్యతిరేక మేధావుల చరిత్రకు ఆ నగరం పేరే పెట్టారు. లేని లోకాన్ని ఊహించి ఉన్న లోకాన్ని నిలదీయడమే వైజ్ఞానిక కల్పన పని అయితే, ఆ పని కాశీ నగరంలో ఐదారు వందల ఏళ్ల కిందట ఒక చర్మకారుడు చేసి ఉన్నాడు. తెలుగులోనూ ఒకరు కాశీ వైపు చూశారు. 1941లో జాషువ ‘గబ్బిలం’లోని కథానాయకుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. తాను అడుగు పెట్టలేని గుడిలోకి అది వెళ్లగలదు. ఇన్ని ఎగిరే వాహనాలు తిరిగిన ఈ తెర మీద ఆ పక్షికి చోటు దొరకలేదు.

ఇప్పుడు అశ్వత్థామ దగ్గరికి రావాలి. అమితాబ్ బచ్చన్ నటన వల్ల ఆ పాత్ర సినిమాకు వెన్నెముక అయింది. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన పాపానికి శాపగ్రస్తుడై, వేల ఏళ్లు నెత్తురోడుతూ తిరిగి, చివరికి మరో గర్భాన్ని కాపాడి విముక్తి పొందాలని ఎదురుచూసే మనిషి. కథగా ఇది గొప్ప ఆలోచన, కాదనను. కాని మన సాహిత్యంలో అశ్వత్థామకు ఇంకో చరిత్ర ఉంది. నిద్రలో ఉన్న ద్రౌపది ఐదుగురు కొడుకులను చంపినవాడతడు. భాగవతం ప్రథమ స్కంధంలో అర్జునుడు అతణ్ని కట్టి తెచ్చినప్పుడు ఏం జరిగిందో పోతన తెలుగు చదువుకొన్నవారికి గుర్తుండే ఉంటుంది. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లే గురుపుత్రుడని వదిలిపెట్టమంటుంది. బ్రాహ్మణుడు గనుక చంపరాదు. కనుక తల గొరిగి, శిరోమణి తీసి, వెళ్లగొడతారు. ద్రౌపది కరుణను పాఠ్యపుస్తకాలు మనకు ఎన్నో తరాలుగా బోధించాయి. ఆ కరుణ పక్కనే ఉన్న శిక్షాస్మృతిని మాత్రం బోధించలేదు. ఐదుగురు పిల్లల హత్యకు శిక్ష క్షౌరం. చుండూరు కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షించిన వారందరూ 2014లో హైకోర్టులో నిర్దోషులై ఇళ్లకు వెళ్లిన రోజున, ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పవలసివస్తే ఏ గొంతుతో చెప్పాలో ఉపాధ్యాయులుగా మాకు తెలియలేదు.

చిరంజీవుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. 1873 నాటి ‘గులాంగిరి’లో జోతిరావు ఫూలే మరో చిరంజీవి పరశురాముడికి బహిరంగ నోటీసు ఇచ్చాడు. నిజంగా బతికే ఉంటే వచ్చి కనబడమన్నాడు. 150 ఏళ్లు దాటినా జవాబు రాలేదు.

పతాక సన్నివేశం చెప్పకుండా తర్వాతి మాట చెప్పడం కుదరదు, సినిమా చూడనివారు మన్నించాలి. చివర్లో భైరవ చేతిలో ధనుస్సు వెలుగుతుంది; అతడు పూర్వజన్మలో కర్ణుడని తెలుస్తుంది. అశ్వత్థామను ఆచార్యపుత్రుడిగా పలకరిస్తాడు. నేను చూసిన ఆటలో ఆ క్షణాన ఈలలతో హాలు దద్దరిల్లింది. ఈలలు వేసినవారిని నేను తప్పుపట్టను. కర్ణుడి పేరు వినగానే తెలుగువాడి ఛాతీ ఉప్పొంగడానికి ఒక చరిత్ర ఉంది. 1977లో ఎన్టీఆర్ తీసిన ‘దానవీరశూర కర్ణ’లో, అస్త్రవిద్యా ప్రదర్శన వేదిక మీద కులం ప్రశ్నను సుయోధనుడు ఎదుర్కొన్న ఘట్టాన్ని చదువురాని పల్లె జనం కూడా కంఠస్థం చేశారు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణలు పురాణ సినిమాలో పుట్టినా సభల్లోకి, హాస్టళ్లలోకి నడిచి వెళ్లాయి. ఆ కర్ణుడు సూతపుత్రుడు కాబట్టి మనవాడయ్యాడు.

ఈ కర్ణుడికి ఆ అవమానం లేదు, విల్లు ఉంది. ఆచార్యపుత్రుడన్న ఆ పిలుపు వెనక ఏముందో సినిమాకు అక్కరలేదు. ఆ ఆచార్యుడు ద్రోణుడు. బ్రహ్మాస్త్రం నేర్పమని కర్ణుడు అడిగితే, అది బ్రాహ్మణుడికో తపస్వి అయిన క్షత్రియుడికో తప్ప మరొకరికి తగదని తిప్పి పంపినవాడు. శాంతిపర్వంలో నారదుడు చెప్పే కథ ఇది. నిండు రంగస్థలంలో నీ కులమేది, తల్లిదండ్రులెవరని కర్ణుణ్ని అడిగినవాడు కృపుడు, అశ్వత్థామకు స్వయానా మేనమామ. ఇంత లెక్క ఉన్న ఇద్దరు మనుషులు ఆరువేల ఏళ్ల తర్వాత కలుసుకొంటే, పాత మిత్రులు రైల్వే స్టేషన్‌లో ఎదురుపడినట్టు పలకరించుకొన్నారు. విడుదలయ్యాక సామాజిక మాధ్యమాల్లో సాగిన వాదం కూడా కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అన్నదే. ఎవరి బాణం ఎంత దూరం వెళ్లిందన్న కొలతలు నడిచాయి. ఒకరికి బడి తలుపు తెరిచి, ఇంకొకరికి మూశారన్న సంగతి ఆ కొలతల్లోకి రాలేదు.

నాకు ఇంతకన్నా ఇబ్బందిగా తోచింది భైరవ విషయం. సినిమా పొడుగునా అతడు స్వార్థపరుడు. యూనిట్ల కోసం గర్భవతిని సైతం అప్పగించబోయేవాడు. కాశీ వీధుల్లో పెరిగి, పైకెక్కాలని ఆరాటపడే అలాంటివాడు మారాలంటే మంచి కథకుడు ఏం చేస్తాడు? ఏదో చూపిస్తాడు, ఏదో కోల్పోయేట్టు చేస్తాడు, ఒక నిర్ణయం తీసుకొనే క్షణంలో నిలబెడతాడు. ఇక్కడ అలాంటి క్షణం రాలేదు. అతడి గొప్పతనం అతడు చేసిన దేనివల్లా రాలేదు, పూర్వజన్మ వల్ల వచ్చింది. అతడు సంపాదించుకోనిదీ అతడికి తెలియనిదీ ఒకటి అతడిలో ముందే ఉంది, సమయం రాగానే బయటపడింది. కర్మ సిద్ధాంతం ఇదే గదా. ఈ జన్మలో నీ స్థానం నీ పూర్వజన్మ ఫలమని ఊరి చివర నిలబెట్టిన మనిషికి చెప్పిన సమాధానమే, ఇప్పుడు నాయకుడి కిరీటమై తిరిగి వచ్చింది. వాక్యం అదే, పొగడ్తగా వాడారు అంతే.

నిజానికి కర్ణుడి కథలోనే ఈ చిక్కు ఉంది. సూతుల ఇంట పెరిగినవాడు మహావీరుడైతే, అతడు సూర్యుడి కొడుకని, కుంతి కన్నబిడ్డని ఒక రహస్యం పెట్టాల్సి వచ్చింది. కిందివాడిలో ప్రతిభ కనబడితే అతడు నిజానికి కిందివాడు కాడని తేల్చే పద్ధతి అది. ఆదిపర్వంలోని ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధనువు కొడుకు. అతడి విద్యకు ఏ దేవుడూ తండ్రి కాడు. మట్టిబొమ్మా అభ్యాసమూ, అంతే. బొటనవేలు పోయింది. ఆ తర్వాత హరివంశం అతడికీ ఒక యాదవ పుట్టుకను అతికించింది, నిషాదుల ఇంట పెరిగాడు గాని పుట్టింది వేరే చోట అని. గురువు వేలు తీసుకొంటే, గ్రంథం తండ్రిని తీసుకొంది. 2898లో అశ్వత్థామ ఉన్నాడు, కర్ణుడు వచ్చాడు, అర్జునుడు గతంలో మెరిశాడు. ఏకలవ్యుడు తిరిగి రావడానికి వీలు లేకపోవడం యాదృచ్ఛికం అనుకోను. పూర్వజన్మ వైభవం మీద నడిచే కథలో, సాధన తప్ప మరేదీ లేనివాడికి పాత్ర ఎక్కడ?

తెలుగులో కాలంతో ఆడిన సినిమా ఇది మొదటిది కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల విజయనగరంలో దించారు. ఇప్పటికీ చూడముచ్చటైన సినిమా. అయితే ఆ యంత్రం ఎక్కినవాడు మాదిగ యువకుడై ఉంటే, రాయల కాలంలో దిగి ఏ వీధిలో నడిచేవాడు? ఏ బావిలో నీళ్లు తాగేవాడు? అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి 1979లో ఈ ప్రశ్నే నవలగా రాసింది. ‘కిండ్రెడ్’లో లాస్ ఏంజిలస్‌కు చెందిన నల్లజాతి స్త్రీ ఉన్నపళాన గతంలోకి లాగబడి మేరీల్యాండ్ బానిసల తోటలో పడుతుంది. స్వర్ణయుగం ఎవరికి స్వర్ణయుగమో తెలియడానికి ఆ నవలలోని కొరడా దెబ్బలు చాలు. ఆ సాహసానికి 600 కోట్లు అక్కరలేదు, ఒక కాగితం చాలు. మన తెలుగు యువ రచయితలు ఎవరైనా ఈ కథ రాస్తే చదవాలని ఉంది.

ఊహ ఎవరిది అన్న ప్రశ్న నాకు సిద్ధాంత చర్చ కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించే ముందు రాసిన లేఖలో తాను కార్ల్ సాగన్‌లా విజ్ఞాన శాస్త్ర రచయిత కావాలనుకొన్నానని చెప్పుకొన్నాడు. నక్షత్రధూళితో తయారైన మనిషిని ఒక ఓటుగా, ఒక అంకెగా కుదించారని బాధపడ్డాడు. తన పుట్టుకే తనకు ప్రాణాంతకమైన ప్రమాదమన్నాడు. గ్రహాంతరాల గురించి రాయవలసిన చేయి చివరికి రాసింది ఆ లేఖ. ‘సమ్-80’ అని పిలిచే తెర మీది లోకాన్ని చూసి చలించిపోయిన ప్రేక్షకులకు, అంకెగా మారిన ఈ యువకుడి మాట ఎంతమందికి గుర్తొచ్చిందో నాకు తెలియదు. నాకు గుర్తొచ్చింది. ఇప్పుడు నా తరగతిలో కూర్చొనే పిల్లల్లో కూడా నక్షత్రాల గురించి రాయాలనుకొనేవారు ఉన్నారు. వారికి కావలసింది పూర్వజన్మలో తాము వీరులమన్న కబురు కాదు. ఈ జన్మలో మార్గదర్శకుడు దొరకడం, ఫెలోషిప్ సకాలంలో అందడం, మౌఖిక పరీక్షలో ఇంటిపేరు ఆరా తీయకుండా ఉండడం.

వినోదం కోసం తీసినదానికి ఇంత విచారణ అవసరమా అనవచ్చు. రామాయణ భారతాలను కూడా జనం వినోదంగానే విన్నారు, తోలుబొమ్మలాటలో చూశారు. వాటితో పాటు వచ్చినవి ఇంట్లో ఉండిపోయాయి. పైగా ఈ దర్శకుడు ఆలోచన లేనివాడు కాడు. పురాణంలో కల్కికి బ్రాహ్మణ తండ్రి ఉన్నాడు. ఆ విష్ణుయశుణ్ని సినిమా తొలగించింది. ఇక్కడ తల్లి ఒక బందీ, బిడ్డ ప్రయోగశాలలో పడిన నలుసు, గోత్రం చెప్పడానికి ఎవరూ లేరు. తెలిసి చేశారో కథ కోసం చేశారో గాని, వెయ్యేళ్ల కథలో ఇది చిన్న మార్పు కాదు. శంభలలో శోభన పోషించిన మరియం వంటివారు ఆ తల్లిని ఎవరివని అడగకుండానే చేరదీశారు.

మలి భాగంలో ఆ బిడ్డ పుడతాడు. పెరిగి, ఏదో ఒక రోజు విల్లు చేతబట్టి నలుగురి ముందు నిలబడతాడు. అప్పుడు ఆ గుంపులోంచి ఏ కృపుడో లేచి నీ తండ్రి ఎవరని అడుగుతాడా, అడిగితే ఆ పిల్లవాడు ఏమని చెబుతాడు? టికెట్ కొని చూడడానికి నాకున్న ఆసక్తి ఆ ఒక్క సన్నివేశం మీదే.